అమెడికోపెకు దక్షిణాన సముద్రం కలదు

భూగోళం చెప్పే టీచరుకి మా అమెడికోపెను మించిన ఊరు ఈ ప్రపంచంలో లేదు. మిగతా ఊళ్లలో పాఠం ఒకసారి నేర్చుకుంటే చచ్చేదాకా అదే పాఠం. అదే కొండ, అదే వాగు, అదే విసుగు! మా మునిసిపాలిటీలో అలా కాదు. ఏటా ఆగస్టు వచ్చేసరికి కొత్త తీరం, కొత్త విస్తీర్ణం, కొత్త జనాభా. ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పాను. ఒక్క ఏడాదైనా పాత నోట్సు చూసి చెప్పే ఖర్మ నాకు పట్టలేదు.

సముద్రం ఊళ్లోకి వచ్చేస్తోందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అలలు చూడటానికి జనం ఎంతెంత దూరాల నుంచో రాజధాని అక్రా వెళ్లి హోటళ్లలో దిగడం లేదూ? మాకా శ్రమ లేదు. మంచం దిగితే చాలు.

చరిత్ర సంగతీ అంతే. డెన్మార్క్ వాళ్లు మా ఒడ్డున రాతి గిడ్డంగి కట్టారు. ఇంగ్లిషు వాళ్లు దాన్ని కొనుక్కుని పైన జెండా పాతారు. స్వాతంత్ర్యం వచ్చాక మన వాళ్లు దానికే సున్నం కొట్టించి తపాలా ఆఫీసు పెట్టారు. ఈ ముగ్గురిలో ఎవరు గొప్పవాళ్లని పిల్లలు ఎన్నేళ్లు బట్టీ పట్టాలి? సముద్రం ఒక్క మధ్యాహ్నంలో ముగ్గురినీ తీసుకుపోయింది. సిలబస్ ఎంత తేలికైపోయిందో!

ఈ విషయంలో నా అభిమానం తెలిసే కాబోలు, ప్లానింగ్ అధికారి దోత్సే గారు కిందటి మే నెలలో నన్ను ఆఫీసుకు పిలిపించారు. మునిసిపాలిటీ ఏర్పడి నలభై ఏళ్లయిన సందర్భంగా ప్రత్యేక సంచిక వేస్తున్నారట. అందులో భూగోళం, చరిత్ర నేనే రాయాలట. దోత్సే గారు మంచి మర్యాదస్తుడు. గోడ మీది మ్యాపు చూపించి, ఎల్లలన్నీ దాని ప్రకారమే రాయమన్నారు. ఆ మ్యాపులో చర్చికి దక్షిణాన ఆరు వరుసల ఇళ్లున్నాయి. మర్నాడు వెళ్లి లెక్కపెట్టాను. నాలుగున్నాయి.

ఆఫీసులో ఆ రోజు నేనింకా ఆ మ్యాపు ముందు ఉండగానే జిగ్బోది వచ్చింది. చేపలు పొగబెట్టి సంతలో అమ్ముకునే మనిషి, అరవై దాటింది. జిగ్బోది అంటే మా భాషలో ఓర్పు. పేరు పెట్టినవాళ్లకు మునిసిపాలిటీ గురించి ముందే తెలిసి ఉండాలి.

“అయ్యా, అల నా పొయ్యి దాకా వచ్చేసింది. సరస్సు అవతల స్థలాలిస్తామన్నారు గదా, నాకోటి ఇప్పించండి,” అంది.

దోత్సే గారు లేచి మ్యాపు మీద వేలు పెట్టి చూశారు. “పెద్దమ్మా, మీది మూడో వరుస. ముందు మొదటి వరుస వాళ్లు, తర్వాత రెండో వరుస, ఆ తర్వాత మీరు. వాళ్లింకా దరఖాస్తే పెట్టలేదు.”

“వాళ్ల ఇళ్లు సముద్రంలో ఉన్నాయి బాబూ.”

“ఉండొచ్చు. వరుస తప్పించి ఇచ్చాననుకోండి, రేపు వాళ్లొచ్చి నన్నడుగుతారు.”

ఎంత న్యాయమైన మనిషో చూడండి! నీళ్ల అడుగున ఉన్న ఇళ్లకు కూడా అన్యాయం జరగనివ్వడు. జిగ్బోది కదలకుండా నిలబడే ఉండటంతో ఆయనే చివరికి ఒక దారి చెప్పారు. ముందు రెండు వరుసల్లోని పధ్నాలుగు ఇళ్ల వాళ్లూ తమ వంతు వదులుకుంటున్నట్టు సంతకాలు పెడితే ఆమె పేరు పరిశీలిస్తారు.

పధ్నాలుగు ఇళ్ల వాళ్లూ ఒక్కచోట ఉంటే సరదా ఏముంది? సముద్రం వాళ్లను నాలుగు దిక్కులకూ పంపించింది. జిగ్బోదికి చదవడం రాదు, నాకు సంచికలో రాసే అధ్యాయానికి సమాచారం కావాలి. ఇద్దరం కలిసి బయలుదేరాం. తేమా రేవులో ముగ్గురు దొరికారు. ఇంకో ఇద్దరు చనిపోయారు, వాళ్ల పిల్లలు సంతకం పెట్టారు. మిగతా వాళ్ల కోసం సరిహద్దు దాటి లోమే దాకా పోయాం.

మొదటి వరుసలో మొదటి ఇల్లు అమెటెపెది. ఒకప్పుడు ఆయన వల లాగడానికి నలభై మంది తాడు పట్టేవాళ్లు. ఇప్పుడు లోమేలో సిమెంటు కొట్టు ముందు కుర్చీలో కూర్చుని కాపలా కాస్తున్నాడు. జిగ్బోదిని చూడగానే లేచి ఆ కుర్చీ ఆమెకిచ్చాడు. కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు.

“టీచరమ్మా, వృత్తి అని ఉంది ఇక్కడ. ఏం రాయను?”

“ఏది నిజమైతే అది రాయన్నా,” అన్నాను.

వలల ఆసామి అని రాశాడు. మళ్లీ దాన్ని కొట్టేశాడు. కిందెక్కడా ఇంకేమీ రాయకుండా సంతకం పెట్టి ఇచ్చాడు.

రెండో వరుసలో ఏడో సంతకానికి మాత్రం ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది. అది నాది. తీరప్రాంతాల కోత అన్న పాఠం నల్లబల్ల మీద రాస్తున్న రోజునే మా వంటగది పోయిందని కబురొచ్చింది. ఏ టీచరుకు దొరుకుతుంది అంత చక్కని ప్రాక్టికల్? గంట కొట్టేదాకా పాఠం ఆపలేదు నేను. ఇంటికి వెళ్లేసరికి పడకగది కూడా పాఠంలో కలిసిపోయింది.

పధ్నాలుగు సంతకాలతో జూలై చివర్లో ఆఫీసుకు వెళ్లాం. దోత్సే గారు లేరు. తీర రక్షణ మీద శిక్షణ ఉందని కొండల్లో ఏదో హోటల్‌కు వెళ్లారు. ఎంత ముందుచూపు! అలల చప్పుడు లేనిచోటైతేనే కదా వాటి గురించి ప్రశాంతంగా ఆలోచించగలరు. ఆయన కోసం జిగ్బోది నాలుగు రోజులు ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. నాలుగో రోజు పొద్దున ఆమె ఇల్లు పోయింది. ఇరుగుపొరుగు పరుగెత్తి తలుపు ఒకటీ, చేపలు ఆరబెట్టే జల్లెడలూ బయటపడేశారు.

దోత్సే గారు వచ్చి సంతకాలన్నీ ఒక్కొక్కటే సరిచూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఇక ఇల్లు తనిఖీ చేయడమే మిగిలిందన్నారు. ఇల్లు పోయిందని చెప్పాం. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. ఇల్లు లేనిదే తనిఖీ లేదు, తనిఖీ లేనిదే ఆమె అక్కడ ఉండేదని రుజువు లేదు, రుజువు లేనిదే స్థలం లేదు.

మర్నాడు జిగ్బోది బంకమట్టి తెచ్చి ఆఫీసు ఆవరణలో, సరిగ్గా దోత్సే గారి కిటికీ కింద, పొయ్యి కట్టడం మొదలుపెట్టింది. మట్టి ఆరడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు రెండు గంపల నెత్తళ్లు తెచ్చి పొగబెట్టింది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది కదా, పొగంతా లోపలికే పోయింది. దోత్సే గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు.

“పెద్దమ్మా, ఇది మునిసిపాలిటీ స్థలం. ఇక్కడ పొయ్యి పెట్టకూడదు.”

“మీ మ్యాపు చూడండి బాబూ. టీచరమ్మ చెప్పింది, ఈ చోట సరస్సు గీసి ఉందంట. నేను నీళ్లలో ఉన్నాను. మీకెట్లా కనపడుతున్నాను?”

ఆయన లోపలికి వెళ్లి చూసుకున్నారు. ఆఫీసు కట్టింది సరస్సు పూడ్చిన చోటే. మ్యాపుకు ఆ సంగతి తెలియదు.

తొమ్మిది రోజులు పొగ ఆగలేదు. గుమాస్తాలు కళ్లు తుడుచుకుంటూ జనన ధ్రువపత్రాలు రాశారు. వాటిని ఇంటికి తీసుకెళ్తే పిల్లులు వెంటపడ్డాయని జనం నవ్వుకున్నారు. పదో రోజు దోత్సే గారు మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచి, బీరువా అడుగు నుంచి స్థలాల ఫైలు తీయించారు. దుమ్ము దులిపి విప్పారు. సరస్సు అవతల అరవై స్థలాలు కొలిచి, రాళ్లు పాతి తొమ్మిదేళ్లయింది. ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో కూడా ఆ ఫైల్లోనే ఉంది. దారంతో కట్టిన ఉత్తరాల కట్ట. ఇంతకు ముందున్న అధికారి ముందు రెండు వరుసల వాళ్లందరికీ పేరుపేరునా రాశారు. మీకు స్థలం కేటాయించడమైనది, ముప్పై రోజుల్లోగా స్వయంగా హాజరు కాని పక్షంలో మీకు ఆసక్తి లేదని భావించబడును. పంపింది మాత్రం వాళ్ల ఇళ్ల నంబర్లకే. ప్రతి కవరు మీదా తపాలా మనిషి ఓపిగ్గా ఒకే మాట రాసి తిప్పి పంపాడు: ఇల్లు నీళ్లలో ఉంది, తలుపు దొరకలేదు.

జిగ్బోది నా చేత ఒక ఉత్తరం చదివించుకుంది. “అమెటెపె అన్నకి కూడా వచ్చిందా ఇట్లాంటిది?” అని అడిగింది. వచ్చిందన్నాను. ఆ కట్ట తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇవన్నీ తనే పట్టుకెళ్లి ఇచ్చి వాళ్లను తీసుకొస్తానంది. గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారు దోత్సే గారు. ఆమె బయటికి వెళ్లి పొయ్యిలో రెండు పచ్చికట్టెలు వేసి వచ్చింది. గడువు పొడిగించారు.

అక్టోబరు నాటికి పదకొండు కుటుంబాలు వచ్చి స్థలాలు తీసుకున్నాయి. అమెటెపె వచ్చాడు. జిగ్బోది పన్నెండో స్థలం పుచ్చుకుంది, వరుస తప్పకుండా.

కట్టలో అన్నిటికంటే అడుగున ఉన్న కవరు మీద నా పేరుంది. అది రాసిన అధికారిని నేను బాగా ఎరుగుదును. ఇల్లు పోయాక ఆ ఆఫీసు గేటుకు ఎదురుగానే ఒక గది అద్దెకు తీసుకున్నాను. నీడ బాగుంటుందని ఆయన రోజూ తన మోటారుసైకిలు నా వాకిట్లో నిలిపేవారు. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి నన్ను పేరు పెట్టి పలకరించేవారు.