లేని బోల్టుకు ఫొటో

మానవుడు తన ఇంట్లో తాను ఏ ఎత్తున కూర్చోవాలో నిర్ణయించే అధికారం ఎట్టకేలకు సరైన చేతుల్లోకి వచ్చింది. బెంగళూరులోని ఒక కంపెనీ ఇందుకోసమే 'గృహాసన ధ్రువీకరణ విభాగం' అనే శాఖను తెరిచింది. ఇంటి నుంచి పనిచేసే ప్రతి ఉద్యోగీ నెలాఖరు శుక్రవారంలోగా శాఖ ఆమోదించిన టేబుల్ కొని, బిగించుకుని, మోచేతులు తొంభై డిగ్రీల కోణంలో ఉండగా ఫొటో తీయించుకుని పంపాలి. పంపనివారు సోమవారం నుంచి రోజూ ఆఫీసుకు రావాలి. (ఆఫీసులో టేబుళ్లు ఏ ఎత్తున ఉండాలో సర్క్యులర్‌లో లేదు.)

హోసూరులో ఉండే నమితకు సర్క్యులర్‌లో ఆ సోమవారం మాట ఒక్కటే కనిపించింది. ఆఫీసుకు రావడమంటే తెల్లవారకముందే బస్సెక్కి, అత్తిబెలె దగ్గర లారీల మధ్య చిక్కుకుని, బెంగళూరు చేరేసరికి తిరుగు బస్సు గురించి ఆలోచించడం. నాలుగేళ్ల కూతురు మేఘను ఇక నిద్రలోనే చూడాలి. అందుకే సర్క్యులర్ వచ్చిన రోజే టేబుల్‌కు ఆర్డరు పెట్టింది.

టేబుల్ అట్టపెట్టెలో పదకొండు ముక్కలుగా వచ్చింది. నమిత, భర్త శ్రేయస్ ఆదివారమంతా కూర్చుని బిగించారు. నాలుగో కాలి దగ్గరికి వచ్చేసరికి ఒక బోల్టు తక్కువైంది. పెట్టె దులిపారు, మంచం కింద వెతికారు, మేఘ నోరు తెరిపించి చూశారు. లేదు. టేబుల్ మూడు కాళ్ల మీద, మనవి చేసుకునే గుమాస్తాలా ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

వాళ్ల కాపురం మేడ మీద. కింద నమిత మామగారు అనంతయ్య హార్డ్‌వేర్ దుకాణం. హోసూరు ఫ్యాక్టరీలకూ, రాయకోట రైతుల మోటార్లకూ నలభై ఏళ్లుగా బోల్టులు అమ్ముతున్న మనిషి. సంగతి విని పైకి వచ్చాడు, రంధ్రంలోకి ఒక కన్ను మూసి చూశాడు, కిందికి వెళ్లి సరిపోయే బోల్టులు పిడికెడు తెచ్చాడు.

నమిత ఆయనకు టేబుల్‌తో వచ్చిన పుస్తకంలో తొమ్మిదో పేజీ చూపించింది. టేబుల్ కంపెనీ బోల్టు కాక మరే బోల్టు వాడినా ఆ కంపెనీ 'బిగింపు నంబరు' ఇవ్వదు. ఆ నంబరు లేనిదే గృహాసన శాఖ ఫొటో ముట్టుకోదు.

"ఇంటి కింద లక్ష బోల్టులు పెట్టుకోని, ఒక బోల్టు కోసం ఎవరినో అడిగేదేమమ్మా?" అన్నాడు అనంతయ్య.

"మీ బోల్టుకు గుర్తింపు లేదు మామా," అంది నమిత. అన్న క్షణమే నాలుక కరుచుకుంది.

ఆయన పిడికిలి మూసుకుని కిందికి దిగిపోయాడు. రెండు రోజులు భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. సాంబారు కావాలన్నా గిన్నె వైపు చూసేవాడు.

నమిత టేబుల్ కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. లేని భాగం ఫొటో జతచేయడం తప్పనిసరి అని యాప్ చెప్పింది. ఆమె రంధ్రాన్ని ఫొటో తీసి పంపింది. 'చిత్రంలో బోల్టు కనిపించడం లేదు' అని జవాబు వచ్చింది. మామగారి బోల్టు ఒకటి అడిగి తెచ్చుకుని దాన్ని ఫొటో తీసి పంపింది. 'చిత్రంలో బోల్టు ఉన్నది. కావున మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.'

మంగళవారం టేబుల్ కంపెనీ నుంచి, లేని ముక్కలను విచారించే 'భాగాభావ పరిశీలనాధికారిణి' హేమావతి ఫోన్ చేసింది. చాలా మర్యాదస్తురాలు. బోల్టు లేదన్న మాట కస్టమరు చెబితే ఆరోపణ అవుతుందనీ, తమ మనిషి చెబితే సత్యం అవుతుందనీ వివరించి, కృష్ణగిరి నుంచి ఒకరిని పంపుతానంది.

ఆ మనిషి, అశోక్, గురువారం మధ్యాహ్నం వచ్చాడు. టార్చి వేసి రంధ్రంలోకి చూశాడు. ట్యాబ్‌లో 'లేదు' అని రాసి, నమిత చేత సంతకం చేయించుకున్నాడు. కొత్త బోల్టు పద్దెనిమిది పనిదినాల్లో వస్తుందన్నాడు.

నమిత మేఘను దగ్గరికి లాక్కుంది. "రేపటికి నంబరు రాకపోతే సోమవారం నుంచి నేను బెంగళూరికి పోవాలప్పా. పాప చిన్నది," అంది.

అశోక్ మేఘ వైపు చూశాడు. ఇప్పుడే వస్తానని మెట్లు దిగి వెళ్లాడు. అయిదు నిమిషాల తర్వాత కాగితం పొట్లంతో తిరిగొచ్చి, అందులోని బోల్టు తీసి నాలుగో కాలికి బిగించాడు. ట్యాబ్‌లో 'కంపెనీ వారి అసలు బోల్టు అమర్చబడినది' అని రాశాడు. బిగింపు నంబరు టంగుమని వచ్చింది.

నమిత పొట్లం వైపు చూసింది. మామగారు పొట్లాలు కట్టడానికి చించే పాత క్యాలెండరు కాగితం.

"హోసూరుకు వచ్చినప్పుడంతా ఈడనే తీసుకుంటామక్కా," అన్నాడు అశోక్. "పెట్టెలో ఎప్పుడూ ఒకటి తక్కువే వస్తుంది."

శుక్రవారం సాయంత్రం నమిత మోచేతులు ఆమోదం పొందాయి. ఆమె మేఘను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ కోణం చెడిపోయేదాకా ముద్దాడింది.

కథ ఇక్కడ ఆగవలసింది. కానీ అశోక్ నిజాయితీపరుడు. ఆ వారం నివేదికలో దుకాణం పేరు రాసేశాడు. టేబుల్ కంపెనీ కోప్పడలేదు, సంతోషించింది. అనంతయ్యను 'అధీకృత బోల్టు కేంద్రం'గా నియమిస్తూ ఒక బోర్డు, ఒక ట్యాబ్, మెడలో వేసుకునే కార్డు, నలభై పేజీల నిబంధనలు పంపింది. మామగారు వాటిని వీధిలోకి విసిరేస్తాడనుకుంది నమిత. ఆయన కార్డుకు పసుపు కుంకుమ పెట్టి మెడలో వేసుకున్నాడు. నిబంధనలు కళ్లద్దాలు మార్చి మరీ చదివాడు.

నెల తిరక్కముందే ఒక ఉదయం, ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గరే సామాను కొనే వడ్రంగి పరశురామ్ వచ్చి నాలుగు బోల్టులు అడిగాడు. నమిత అప్పుడు మెట్ల మీద ఉంది.

"కంప్లైంట్ నంబరు యాడప్పా?" అన్నాడు అనంతయ్య.

పరశురామ్ పెద్దగా నవ్వాడు. అనంతయ్య నవ్వలేదు. వెనకాల వరుసలో నిలబడ్డ ముగ్గురూ నవ్వలేదు. వాళ్ల దగ్గర నంబర్లున్నాయి.