ఓర్లాకు ఇంగ్లీషు రాదు

ఆ సోమవారం పొద్దున్న అలివేలు వేసుకున్న పథకం చిటికెడంత. ఓర్లాను వెంటబెట్టుకుని హోసూరు ఉళవర్ సందైకి వెళ్ళాలి. అరకిలో బీన్సు ఓర్లా చేతే కొనిపించాలి. కొన్నంతసేపూ ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకూడదు. అంతే. కూరగాయల సంతలో అరకిలో బీన్సు కొనడంలో బెడిసికొట్టడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. అలివేలూ అలాగే అనుకుంది.

ఓర్లా ఐర్లండు పిల్ల. ఇరవై రెండేళ్ళు, టీచరు ట్రైనింగులో ఆఖరి సంవత్సరం. రేపు అక్కడ ఆమె ఉద్యోగం చేయబోయే బడిలో మూడోవంతు పిల్లలు ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారట. అందుకని ఆ కాలేజీవాళ్ళు ఆమెను ఎనిమిది వారాలు ఇటు పంపారు. పగలు బేరిగై దగ్గరి తెలుగు బడిలో పాఠాలు చెప్పి అనుభవం సంపాదించాలి. మిగతా వేళ ఒక తెలుగింట్లో ఉండి భాష నేర్చుకోవాలి. చివర్న వీడియోలో తెలుగు పరీక్ష. తప్పితే ఆ పిల్లకు ఏడాది చదువు గోవిందా.

నెగ్గితే మాత్రం వచ్చే ఏడు ఆరుగురు వస్తారు. వాళ్ళకు హోసూరులో ఒక భాషా గురువును నియమిస్తారు. నెగ్గిన విద్యార్థి ఎవరి పేరు చెబితే వారే ఆ గురువు. కాలేజీవారి ఉత్తరంలోని ఈ ముక్కను అలివేలు పదిసార్లు చదివింది. ఆమె ఎం.ఏ. తెలుగు పట్టా పద్దెనిమిదేళ్ళుగా పట్టుచీరల మడతల్లో కలరా ఉండల వాసన పీలుస్తూ పడుంది. గుడివాడ నుంచి భర్త ప్రసాదు ఫ్యాక్టరీ ఉద్యోగం వెంట హోసూరు వచ్చిన దగ్గర్నుంచి ఆ పట్టాను పలకరించిన పాపాన ఎవరూ పోలేదు.

"అరకిలో బీన్సు ఇవ్వండి" అంది ఓర్లా, ఆటోలో దారి పొడవునా వల్లెవేసిన వాక్యాన్ని.

"హాఫ్ కేజీ, మేడం? ఫ్రెష్ మేడం! కెలవరపల్లి బీన్స్! వెరీ టెండర్!" అంది మారక్క.

అలివేలు నిర్ఘాంతపోయింది. పదకొండేళ్ళుగా మారక్క దగ్గర కూరలు కొంటోంది. ఆ నోట ఇంగ్లీషు వినడం ఇదే మొదలు.

"మారక్కా, ఈ అమ్మాయితో తెలుగులో మాట్లాడు."

"అదెట్లమ్మా? మన సందైకి వచ్చిన మనిషితో మన బాసలో మాట్లాడితే మర్యాదా?"

మారక్క తప్పేమీ లేదు. అది హోసూరు పద్ధతి. అక్కడ పుట్టినవాళ్ళు తమిళం వాడితో తమిళం, కన్నడం వాడితో కన్నడం, సేట్ల దుకాణంలో హిందీ మాట్లాడతారు. వచ్చినవాడిని మన భాషలోకి రమ్మనడమంటే, చుట్టాన్ని గుమ్మం బయట నిలబెట్టి మంచినీళ్ళిచ్చినంత అమర్యాద. వారం రోజులుగా ఊరు ఊరంతా ఓర్లాకు ఆ మర్యాదే చేస్తోంది. ఆటో సెల్వరాజ్ "విచ్ కంట్రీ మేడం?" అంటాడు. టీ కొట్టువాడు "షుగర్ ఆర్ నో షుగర్?" అంటాడు. తెలుగు నేర్చుకుందామని ఏడు సముద్రాలు దాటి వచ్చిన పిల్లకు ఏడు రోజుల్లో పట్టుబడింది "ఇవ్వండి" ఒక్కటే. దానికీ జవాబు ఇంగ్లీషులోనే.

అలివేలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలో నోరు జారింది.

"ఈ అమ్మాయికి ఇంగ్లీషు రాదు!"

బీన్సు తూచే చేయి ఆగిపోయింది. పక్కన టమోటాలవాడు తలెత్తాడు.

"రాదా? తెల్లగా ఉండి కూడానా?" మారక్క గుండె మీద చేయి వేసుకుంది. "అయ్యో నా తల్లీ!"

"వాళ్ళ దేశంలో వేరే భాష ఉంది. ఐరిష్" అంది అలివేలు. ఆ ముక్క నిజమే కాబట్టి కాస్త ధైర్యంగానే అంది.

ఆటోలో ఓర్లా మెల్లగా అడిగింది. "నాకు... ఇంగ్లీషు... రాదా?"

"ఇంకో ఏడు వారాల పాటు రాదు."

ఓర్లా పెదవుల మీద వేలు పెట్టుకుని నవ్వింది. ఇక చూసుకో, ఊరు తెలుగులోకి దిగక ఏం చేస్తుంది అని అలివేలు సీట్లో వెనక్కు వాలింది.

ఊరు తెలుగులోకి దిగలేదు. ఊరికి జాలి పుట్టింది.

వీళ్ళు ఇల్లు చేరేసరికి పనిమనిషి పిల్లమ్మకు కబురు ముందే అందింది. అంట్లు తోముతున్నది కాస్తా చేయి కడుక్కుని వచ్చి ఓర్లా గడ్డం పుచ్చుకుంది. "ఏడవొద్దు బిడ్డా. నాకొచ్చినంత నేను చెప్తాను. ఇదిగో, ప్లేట్. ప్లేట్ అంటే తట్ట." పిల్లమ్మకు వచ్చిన ఇంగ్లీషు మాటలు నాలుగు. ప్లేట్, గ్లాసు, సోపు, లీవు. వాటిలో నాలుగోది క్షుణ్ణంగా వచ్చు.

సాయంత్రం కింది వాటా నుంచి ఇంటి ఓనరు రాజప్ప పైకి వచ్చాడు. ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. చంకలో అట్ట ఊడిన వ్యాకరణ పుస్తకం, చేతిలో సుద్దముక్కల డబ్బా.

"మన ఇంట్లో ఉండే బిడ్డ ఇంగ్లీషు లేకుండా వెనక్కి పోతే నా మర్యాద ఏం గావాలమ్మా? దినామూ ఒక గంట నేను చెప్తాను."

"అయ్యో రాజప్పగారూ, ఆ పిల్లకు కావలసింది తెలుగండీ! పరీక్ష ఉంది!"

"తెలుగు నేర్చుకుని యాడికి పోతుందమ్మా? తెలుగు తెలిసినోళ్ళం మనం ఇంతమంది ఉండాము కదా, చాల్దా? ఇంగ్లీషు లేకుంటే ఆ బిడ్డను ఆ దేశంలో ఎవురు పెండ్లి చేసుకుంటారు?"

అలివేలు భర్త వైపు చూసింది. ప్రసాదు పేపరు కాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. ఓనరుతో తగువు పెట్టుకునే మొగుడిని ఏ దేశంలోనూ చూడబోమని ఆమెకు తెలుసు.

"నిజం చెప్పేస్తేనో?" అంది, రాజప్ప దిగి వెళ్ళాక.

"చెప్పు" అన్నాడు ప్రసాదు. "రేప్పొద్దున్నుంచి మారక్క మళ్ళీ 'వెరీ టెండర్' అంటుంది."

అలివేలు నిజాన్ని మింగేసింది.

ఓర్లా బడికి వెళ్ళడం మొదలుపెట్టిన మూడో రోజు బేరిగై నుంచి హెడ్‌మాస్టరు మారియప్ప ఫోను. ఆయన స్వరంలో నిప్పులు రాలుతున్నాయి.

"ఏందమ్మా ఈ అన్యాయం? తెల్లటీచరు వస్తా ఉంది, పిలకాయలకు ఇంగ్లీషు చెప్తుందని ఊరంతా నోటీసులు అంటించినాను. ఇప్పుడు ఇంగ్లీషు రాని తెల్లటీచరును పంపిస్తారా?"

"ఆమె వచ్చింది లెక్కల పాఠం తెలుగులో చెప్పడం నేర్చుకోవడానికి కదండీ? మీకు ఉత్తరం రాలేదా?"

"వచ్చింది. అది ఇంగ్లీషులో ఉండాది!"

అలివేలు ఉన్నపళాన బస్సెక్కి బేరిగై వెళ్ళింది. మూడో తరగతి కిటికీలోంచి చూసి కొయ్యబారిపోయింది. టీచరు కుర్చీ ఖాళీ. ఓర్లా పిల్లల బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది. పక్కన తొమ్మిదేళ్ళ అమృత స్కేలుతో బెంచీ మీద కొడుతోంది.

"కౌ అంటే ఆవు. ఆవు ఏం తింటుంది? చెప్పు! గడ్డి తింటుంది. మా ఆవు గడ్డి తినదు, పక్కింటోళ్ళ రాగి చేను తింటుంది. అప్పుడు మా యమ్మకూ వాళ్ళకూ కొట్లాట. ఏమని కొట్లాట? నేను చెప్తాను, చూడు..."

"టీచరును పిల్లల బెంచీలో కూర్చోబెడతారా!" అని అలివేలు మండిపడింది.

"వచ్చేది నేర్పించల్ల, రానిది నేర్చుకోవల్ల" అన్నాడు మారియప్ప. "హాజరు పట్టీలో కూడా రాసినాను. పంతొమ్మిదో నంబరు. బిడ్డ దినామూ టయానికి వస్తా ఉంది, నేను అబద్ధం చెప్పను."

అలివేలుకు ఏడవాలో అరవాలో తెలియలేదు. టీచరు ట్రైనింగుకొచ్చిన పిల్ల మూడో తరగతిలో చేరింది. తెలుగు కోసం వచ్చిన పిల్లకు ఊరంతా కలిసి ఇంగ్లీషు నేర్పుతోంది. ఆ ఇంగ్లీషు ఆమెకు తల్లిభాష. ఇంతటి దౌర్భాగ్యం ఎక్కడైనా ఉందా!

పంతం కొద్దీ తానే నడుం కట్టింది. అటకమీది పాత నోట్సులు దింపి, పొద్దున్నే ఆరింటికల్లా ఓర్లాను కూర్చోబెట్టి అకార సంధి, ఇకార సంధి, ఉకార సంధి వరసగా చెప్పింది. అకారం దగ్గర ఓర్లా ఆవలించేది. ఉకారం చేరేసరికి గోడకు జేరబడి కళ్ళు మూసేది. సాయంత్రం రాజప్ప పాఠానికి మాత్రం మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తేది.

అది చూస్తే అలివేలుకు ఒళ్ళు మండేది. పిట్టగోడ దగ్గర నిలబడి వినేది.

"క్యాట్. క్యాట్ అంటే పిల్లి. ఈ పిల్లి ఉండాది చూడు, మహా దొంగది. మొన్న ఏం చేసింది? చెప్తాను విను..."

'క్యాట్ అట, క్యాట్!' అని పళ్ళు కొరుక్కుంటూ అలివేలు లోపలికి వచ్చేసేది. తరువాత అరగంట సాగే పిల్లి భాగోతం ఆమె ఏనాడూ వినలేదు.

ఎనిమిదో వారం రానే వచ్చింది. పరీక్ష మధ్యాహ్నం మూడింటికి. గదిలో నిశ్శబ్దంగా ఓర్లాను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తలుపు వేసుకుందామని అలివేలు అనుకుంది. రెండున్నరకే రాజప్ప ఇస్త్రీ చొక్కాతో దిగబడ్డాడు, అంటే పైకెక్కి వచ్చాడు. వెనకే మారియప్ప, హాజరు పట్టీ చంకలో పెట్టుకుని. పిల్లమ్మ ఊడ్చిన గదినే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

"మీరంతా ఎందుకండీ?"

"మా బిడ్డ పరీక్ష మేము చూడకూడదా?" అన్నాడు రాజప్ప.

తెర వెలిగింది. ఐర్లండు కాలేజీ మేడం ఒకావిడ, పక్కన తెలుగు పరీక్షకుడు. చక్రి అని పేరు చెప్పాడు, తెలంగాణవాడు. మేడం నవ్వుతూ ఇంగ్లీషులో ఓర్లాను పలకరించింది. ఆరోగ్యం, తిండి, బడి, అన్నీ అడిగింది. ఓర్లా అలివేలు వంక ఒకసారి చూసి, ఇక గత్యంతరం లేక నోరు తెరిచింది. గేట్లెత్తిన కెలవరపల్లి డ్యాములా ఐదు నిమిషాలు ఆగకుండా ఇంగ్లీషు దూకింది.

పిల్లమ్మ చేతిలోంచి చీపురు జారింది. అలివేలు కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది. ఊరందరి ముందూ తన అబద్ధం బట్టబయలు. ఈ వయసులో ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికని పోవడం?

కళ్ళు తెరిచేసరికి రాజప్ప లేచి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"చూసినారా! ఏడు వారాలు! ఏడే వారాల్లో ఎట్ల మాట్లాడతా ఉందో!"

"మా బడి, సార్! మూడో తరగతి!" మారియప్ప హాజరు పట్టీ పైకెత్తి కెమెరాకు చూపించాడు. "పంతొమ్మిదో నంబరు!"

"మొదట ప్లేట్ చెప్పింది ఎవురు?" పిల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను! ఇప్పుడొచ్చి పేరు కొట్టేసేదానికి చూస్తారా?"

తెర మీద మేడం ముఖం తెల్లబోయింది. ఆవిడ ముఖం మామూలుగానే తెల్లన కాబట్టి అది అలివేలుకు తప్ప ఎవరికీ తెలియలేదు. చక్రి గొంతు సవరించుకుని తెలుగులోకి దిగాడు.

"ఓర్లా గారూ, హోసూరులో ఏం చేశారో చెప్పండి."

ఓర్లా కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఏం చెప్పేదప్పా! పొద్దున లేస్తే అలివేలమ్మ సంధి చెప్తుంది, నాకు నిద్ర వస్తుంది. బడికి పోతే అమృత కొడుతుంది. కొట్టినా మంచి బిడ్డ. వాళ్ళ ఆవు పక్కింటోళ్ళ రాగి చేను మేసేసింది. ఆ యమ్మ వచ్చి 'ఏమే, నీ ఆవుకు కండ్లు లేవా, నీకు సిగ్గు లేదా' అని తిట్టింది. ఈడ రాజప్పప్పా ఇంట్లో పిల్లి ఉండాది. మహా దొంగది. పాలగిన్నె మూత ఎట్ల తీస్తుందో తెలుసునా మీకు? నేను చెప్తాను వినండి..."

పిల్లి కథ పదకొండు నిమిషాలు నడిచింది. చక్రి రెండుసార్లు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోలేక మేడానికి అనువదించడం మానేశాడు.

"ఇంత తెలుగు ఎవరు నేర్పారమ్మా మీకు?"

అలివేలు తనకు తెలియకుండానే కొంగు సర్దుకుంది.

"తెలుగు ఎవురూ నేర్పించలేదు" అంది ఓర్లా. "రాజప్పప్పా నాకు ఇంగ్లీషు నేర్పించినాడు. ఒక్క ఇంగ్లీషు మాటకు అర్ధగంట తెలుగులో చెప్తాడు. అట్ల వచ్చేసింది. పాఠం ఎట్ల చెప్పల్లో కూడా ఆయప్ప దగ్గరే చూసినాను." మొహంలో నవ్వు రానీయకుండా చేర్చింది. "ఇంగ్లీషు కూడా బాగా వచ్చింది."

ఓర్లా మొదటి శ్రేణిలో నెగ్గింది. వెళ్ళే రోజున అలివేలును వాటేసుకుని ఏడ్చింది, "నీ సంధి మర్చిపోనమ్మా" అంది. అలివేలు కూడా ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ప్రసాదు అడగలేదు.

పది రోజులకు రాజప్ప మళ్ళీ పైకి వచ్చాడు. చేతిలో పెద్ద కవరు.

"చూడమ్మా, నన్ను గురువుగా వేసుకుంటారంట. వచ్చే ఏడు ఆరుగురు బిడ్డలు! ఈ ఫారం నింపి పంపల్లంట. కొంచెం నింపియ్యమ్మా."

"మీరే నింపుకోవచ్చుగా?" అంది అలివేలు పుల్లవిరిచినట్టు.

"ఇది ఇంగ్లీషులో ఉండాది కదమ్మా!"

అలివేలు ఆయనను ఎగాదిగా చూసింది. తరువాత పెన్ను తీసుకుంది. పేరు, వయసు, అనుభవం, వచ్చిన భాషలు. ("అన్నీ రాయమ్మా. ఇంగ్లీషు మొదట రాయి.") ఆఖరి గడిలో 'సహాయకులు కావలెనా? అయితే పేరు, అర్హత' అని ఉంది. రాజప్ప కిటికీలోంచి పిల్లిని అదిలిస్తున్నాడు. అలివేలు ఆ గడిని నిదానంగా, అందమైన అక్షరాలతో నింపింది.

పద్దెనిమిదేళ్ళ తరువాత ఎం.ఏ. తెలుగుకు ఉద్యోగం దొరికింది, ఇంగ్లీషు మాస్టారికి అసిస్టెంటుగా.