పెద్దాయన నిలబడుతున్నారట!

ఆ రోజు ఉదయానికి పెద్దాయన భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాళ్ల డాక్టరు వస్తాడు, పెద్దాయన్ని కుర్చీలోంచి లేపి తన కాళ్ల మీద తాను నిలబడేలా చేస్తాడు, ఆ తర్వాత ఆవిడ వంటింట్లో ఓ మూల కూర్చుని వేడివేడి కాఫీ తాగుతుంది. అంతకుమించి ఆవిడ దేవుణ్ణి ఏమీ కోరలేదు.

పెద్దాయన అంటే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకప్పటి ఎమ్మెల్యే. సైకిలు మీద ఊరూరా తిరిగి మొదటి ఎన్నిక గెలిచారు. ఆ తర్వాత సైకిలు పోయి జీపు వచ్చింది గానీ గెలుపు మాత్రం మారలేదు. వాన రోజుల్లో వాగు దాటలేక పిల్లలు బడి మానేస్తున్నారని తెలిసినప్పుడు ఆయన నడుంలోతు నీళ్లలోకి దిగి నిలబడ్డారు. ఇంజనీరు వచ్చి వంతెనకు కొలతలు తీస్తే తప్ప గట్టెక్కనన్నారు. పాపం, ఇంజనీరు తిండి కూడా తినకుండా పరుగెత్తుకొచ్చాడు. వంతెనకు స్తంభాలు లేచాయి. అంతలో ఎన్నికలొచ్చాయి. మైకు ఎలా పట్టుకోవాలో తానే నేర్పిన శిష్యుడి చేతిలో పెద్దాయన ఓడిపోయారు. స్తంభాలు మాత్రం వాగులో అలాగే ఉండిపోయాయి, నెత్తిన కొంగల్ని మోస్తూ.

ఆ తర్వాత గుమ్మం తొక్కేవాళ్లు తగ్గారు. ఒకప్పుడు చెప్పులు విడవడానికి చోటు దొరకని వరండాలో ఆయన కుర్చీ ఒక్కటే మిగిలింది. చాలదన్నట్టు ఈమధ్య స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది, మనిషి మాత్రం లేవడం లేదు.

"లేచి ఎక్కడికెళ్లాలి? నాకోసం ఎవరు కాచుక్కూచున్నారు?" అనేవారు.

ఇంకొన్నాళ్లు ఇలాగే కూర్చుంటే కాలు బిగుసుకుపోతుందనీ, ఇక ఆ కుర్చీయే గతనీ కాళ్ల డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆవిడకు కంటి మీద కునుకు లేదు. బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. చివరికి నిన్న రాత్రి ఆయన "సరే, చూద్దాంలే" అన్నారు. ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లూ ఆ మాటకు ఎన్ని అర్థాలుండేవో ఎరిగిన మనిషి కాబట్టి, ఆయన మనసు మార్చుకునేలోపు తెల్లవారితే చాలనుకుంది.

తెల్లవారగానే ఆ సంతోషం పట్టలేక చెల్లెలికి ఫోన్ చేసింది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పాలగిన్నె, ఎదురుగా గేటు దగ్గర పాలామె.

"అవునే, మీ బావగారు ఇవాళ నిలబడుతున్నారు! ... ఆఁ, డాక్టరే నిలబెడుతున్నాడు ... లేదే, ఎవరి ఆసరా లేకుండానే! ... మొదట ఒప్పుకోలేదు. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా, భయం ఉంటుంది మరి."

పాలామె పాలు పోస్తూ పోస్తూ గిన్నె పొంగించింది. ఆవిడ పాలల్లో నీళ్లు కలుపుతుందని ఊళ్లో అంటారు గానీ, కబుర్లలో మాత్రం నీళ్లు కలిపే అలవాటు లేదు. విన్నది విన్నట్టే తీసుకెళ్లి మంగలి షాపులో దింపింది. కలపడం అక్కడ జరిగింది.

"ఎవరి ఆసరా లేకుండా అంటే ఏ పార్టీ లేకుండా అనేగా? ఇండిపెండెంటు!" అన్నాడు మంగలి, కత్తి గాలిలో ఆపి.

"మరి డాక్టరు నిలబెడుతున్నాడంటే?" అన్నాడు వంతు కోసం కాచుకున్న ఒకతను.

"ఖర్చంతా డాక్టరుదన్నమాట. టౌనులో పెద్దాసుపత్రి ఉందిగా, ఆయనే అయ్యుంటాడు."

కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్నాయన మిగతా సగం సంగతి మరిచిపోయి లేచిపోయాడు. ఆయన్ని ఊళ్లో మైకు మామ అంటారు. పెద్దాయన మొదటి ఎన్నిక నుంచి చివరి ఎన్నిక దాకా ఊరూరా మైకు కట్టింది ఆయనే. పెద్దాయన ఓడిపోయాక గొంతు పోయినవాడిలా అయిపోయి, మైకు సెట్టును గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు. ఇప్పుడు ఇంటికెళ్లి దాన్ని దింపి, దుమ్ము దులిపి, "హలో, హలో" అన్నాడు. అది పలికింది. మైకు మామకు కళ్లనీళ్లు తిరిగాయి.

అయినా తొందరపడకూడదని, పెద్దాయన గేటు దగ్గర నిలబడి, అప్పుడే స్కూటరు దిగుతున్న కాళ్ల డాక్టర్ని పట్టుకున్నాడు. కాళ్ల డాక్టరు ఊరికి కొత్త. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే రకం.

"బాబూ, పెద్దాయన నిజంగానే నిలబడతారా?"

"ఖచ్చితంగా! ఇవాళ ఇంటి ముందు. తర్వాత ఈ వీధి. నెల తిరక్కుండా ఊరంతా తిరుగుతారు చూడండి."

"మరి ఆయన గుర్తేమిటి?"

స్కూటరుకు కట్టిన చేతికర్రలు చూసి అడుగుతున్నాడనుకున్నాడు కాళ్ల డాక్టరు. "ఇదిగో, ఈ కర్ర. పక్కవాళ్ల కర్రలతో కలిసిపోకుండా దీనికి ఎర్రగుడ్డ కట్టాను. అదే గుర్తు."

ఇంకేం కావాలి! మైకు గేటెక్కింది.

"మన పెద్దాయన మళ్లీ నిలబడుతున్నారు! మన గుర్తు చేతికర్ర! చేతికర్ర గుర్తుకే..."

గంట గడిచేసరికి వీధి నిండిపోయింది. ఒకప్పుడు జీపు వెనకాల పరుగెత్తిన కుర్రాళ్లు ఇప్పుడు బట్టతలలతో, కళ్లజోళ్లతో వచ్చారు. ఎక్కడెక్కడివాళ్లో చేతికర్రలు పట్టుకొచ్చారు. కొందరికి అవి నిజంగానే అవసరం. వరండాలో పెద్దాయన పక్కనున్న బల్ల మీద మైకు పెట్టి, మైకు మామ వైరు సర్దడానికి గేటు దగ్గరికి పరుగెత్తాడు.

కాస్త చెవుడు వచ్చిన పెద్దాయనకు మైకులో మాటలు తెలియలేదు, మనుషులు మాత్రం కనిపించారు. ఒక్కొక్క మొహాన్నీ గుర్తుపడుతూ ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"నా కాలు బాగోలేదని తెలిసి ఇంతమంది వచ్చారటే?" అన్నారు భార్యతో.

మైకులో మాటలు శుభ్రంగా విన్న ఆవిడ నోరు తెరిచి, ఆయన కళ్లు చూసి, మళ్లీ మూసుకుంది. "అవునండీ, మీకోసమే" అంది. అదేం అబద్ధం కాదు.

సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఇప్పటి ఎమ్మెల్యే, అదే ఆ శిష్యుడు, వరండా ఎక్కాడు. ఒక చొక్కా గుండీ ఇంకో గుండీ కాజాలో ఉంది.

"అన్నా, మీరు నిలబడొద్దు!"

పెద్దాయన తెల్లబోయారు. "నేను నిలబడితే నీకేంట్రా?"

"మీరు నిలబడితే నేను పడిపోతానన్నా!"

"నిన్ను పట్టుకుని నిలబడతానన్నానా? నువ్వెందుకు పడతావు?"

"ఈ వయసులో మీకెందుకన్నా ఈ శ్రమ? హాయిగా కూర్చోండి."

"కూర్చోకూడదండీ! కూర్చుంటే కాలు పోతుంది!" అన్నాడు కాళ్ల డాక్టరు కంగారుగా.

శిష్యుడు గిర్రున అతని వైపు తిరిగాడు. "ఓహో, ఆ డాక్టరువి నువ్వేనా? ఈయన్ని నిలబెడితే నీకేం ముడుతుందయ్యా?"

"రోజు లెక్కన ఫీజండీ."

"ఫీజు పుచ్చుకుని మనుషుల్ని నిలబెడతావా! నా అనుభవంలో ఇంత పచ్చి రాజకీయం చూడలేదు." మళ్లీ పెద్దాయన వైపు తిరిగి, చెవిటి మనిషి కదా అని బల్ల మీదికి వంగి గట్టిగా అన్నాడు. "అన్నా, తప్పు నాదే. ఆ వాగు వంతెన కావాలనే ఆపాను. పూర్తయితే జనం మీ పేరే చెప్పుకుంటారని ఆపాను. మీరు కూర్చుంటే వచ్చే వానాకాలంలోపు కట్టించేస్తాను, ఒట్టు!"

ఆ వంగడం సరిగ్గా మైకు మీదికే వంగాడు. వీధి వీధంతా విన్నది. వాగు అవతల గట్టున గొర్రెలు కాసుకునేవాళ్లకు కూడా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు.

"ఏమన్నావురా!" అన్నారు పెద్దాయన. "పిల్లలు ఇన్నేళ్లుగా మెడలోతు నీళ్లలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పోతుంటే, పేరు కోసం ఆపావా? నేను నీకు నేర్పిన రాజకీయం ఇదేనా?"

శిష్యుడు వెనక్కి వెనక్కి జరిగి స్తంభానికి ఆనుకున్నాడు. పెద్దాయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ," అంది మెల్లగా, "మీరు నిలబడ్డారు."

పెద్దాయన కిందికి చూసుకున్నారు. నిజమే. కుర్చీ వెనక ఎక్కడో ఉంది. చేతిలో కర్ర లేదు, పక్కన ఎవరూ లేరు. రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయి, రెండూ ఆయనవే. ఆవిడ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది, ఆయన పడతారని కాదు, తాను పడిపోయేలా ఉంది కనుక.

వీధిలో ఈలలు, కేకలు. మైకు మామ వచ్చి తన చెవిలో అరిచి సంగతంతా చెప్పాక పెద్దాయన చాలాసేపు నవ్వారు. తర్వాత మైకు అందుకున్నారు. ఎన్నేళ్లయినా చేతికి దాని బరువు తెలుసు.

"నేను నిలబడుతున్నానని వచ్చారట. నిలబడ్డాను, చూశారుగా. ఇంతకుమించి నిలబడే ఓపిక నాకు లేదు."

"అంటే పోటీ లేదా అన్నా?" మైకు మామ మొహం వాడిపోయింది.

"లేదురా. ఎమ్మెల్యే ఉన్నాడుగా. వానాకాలంలోపు వంతెన కడతానని మైకులో ఒట్టేశాడు, మనమంతా విన్నాం. కట్టకపోతే ఈ కర్ర నిజంగానే గుర్తు చేసుకుందాం."

నవ్వులు ఆగాక కూడా ఎవరూ కదల్లేదు. పెద్దాయన ఒక్కొక్కరినీ వరసపెట్టి పలకరించారు. ఎవరి బావిలో నీళ్లు పడ్డాయో, ఎవరి మనవడు బడికెళ్తున్నాడో అడిగారు. వరండా మెట్ల కింద చెప్పులు విడవడానికి మళ్లీ చోటు లేకపోయింది. లోపల కాఫీ చల్లారిపోయింది. పెద్దాయన భార్య దాన్ని అలాగే తాగింది, అంత రుచిగా ఆవిడ ఏ కాఫీ తాగలేదు.

వెళ్లబోతున్న శిష్యుణ్ణి గుమ్మం దగ్గర ఆపింది. "నిలబడండి, నిలబడండి అని ఇన్నాళ్లూ బతిమాలుకున్నా కదల్లేదు. నువ్వొచ్చి వద్దనగానే లేచారు. నిన్ను మొదటి రోజే పిలవాల్సింది నాయనా."

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర మళ్లీ ఫోను, పాలగిన్నె.

"అవునే, బాగా నిలబడుతున్నారు. ఇక మెట్లెక్కడమేనట!"

పాలామె ఈసారి తొందరపడలేదు. "అమ్మగారూ, ఏ మెట్లండీ?" అని అడిగింది.

"మనింటి మెట్లేనే."

పాలామె ఉస్సూరుమని, రోజూ పోసే కొసరు పొయ్యకుండానే వెళ్లిపోయింది.