గ్యారంటీ మనవరాలు

ఆనందరావును నేను క్షమించను. ఆదివారం చర్చిలో పాస్టరుగారు శత్రువులను క్షమించమన్నప్పుడల్లా వరసగా అందరినీ క్షమించుకుంటూ వస్తాను. అతని పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు వస్తుంది.

ఆనందరావు నా వియ్యంకుడు. ఓడరేవు డాకులో పని చేసి రిటైరయ్యాడు. ఈ బెంగాలీ మహానగరంలో, ఏక్‌బాల్‌పూర్ పేటలోని తెలుగువాళ్లంతా అతన్ని గ్యారంటీ ఆనందరావు అంటారు. వాన రాదని గ్యారంటీ ఇస్తాడు. నిలువునా తడిసి వచ్చి, "ఇది వాన కాదు, తుంపర" అంటాడు.

అలాంటివాడి మాట నమ్మాను. తప్పు నాదే, కోపం మాత్రం అతని మీద.

నేను ఆ పక్కనే మెటియాబ్రుజ్‌లో, బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్ని. ఐదో తరగతిలో బడి మానేసి కత్తెర పట్టాను. ముప్పైరెండేళ్లుగా ఆడపిల్లల గౌన్లే కత్తిరిస్తున్నాను. కుచ్చులు, బుట్టచేతులు, నడుము వెనక రిబ్బను ముడి. అందులో ఒక్కటి కూడా మా ఇంటికి తెచ్చుకునే యోగం లేకపోయింది. మా తాతకు నలుగురూ కొడుకులే. మా నాన్నకు ఐదుగురం. నాకు ముగ్గురు. మా ఇంట్లో రిబ్బను ముక్క కనిపించిందంటే అది మిషను తుడవడానికే.

అందుకే పెద్దవాడు శామ్సన్‌కి సంబంధం చూసేటప్పుడు, అందరూ పిల్ల చదువు గురించి అడుగుతుంటే నేను ఒక్కటే అడిగాను. "అక్కచెల్లెళ్లు ఎంతమంది?"

"మా జూలీతో కలిపి ఆరుగురు బావగారూ," అన్నాడు ఆనందరావు. "మా అమ్మకి అందరూ ఆడపిల్లలే. మా ఇంట మగపురుగు పుట్టదు. గ్యారంటీ!"

"మరి మీరెలా పుట్టారు?" అని అడగాలని ఆ రోజు నాకు తట్టలేదు.

పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి జూలీ నెల తప్పింది. ఆ వారమే, కార్ఖానాలో మిగిలిన గులాబీరంగు ముక్కలతో మొదటి గౌను కుట్టి, మిషను కింద పెట్టెలో దాచాను.

మాది ఒకటిన్నర గది ఇల్లు. ఒకటే కిటికీ. ఆ కిటికీ పక్క మూలలో నా మిషను, నా కుర్చీ. మా ఆవిడ రోజమ్మ కన్ను ఆ మూల మీద పడింది.

"ఏటయ్యా, ఆ మిషను తీసీ. ఉయ్యాల అక్కడెయ్యాల. ఇంట్లో గాలాడీది ఆ మూలే."

"నా మూల జోలికి రాకు. మనవరాలికి నేను విసనకర్రతో విసురుతాను."

"మనవరాలేటి! మీ ఇంట్లో ఎప్పుడైనా ఆడగుంట పుట్టిందేటి? మగోడే పుడతాడు, సూసుకో."

"ఆనందరావు గ్యారంటీ ఇచ్చినాడు."

"ఆయన గ్యారంటీ ఇచ్చిన ఫ్యాను నీ నెత్తి మీదే ఉంది. తిరుగుతోందేటి?"

పైకి చూశాను. తిరగడం లేదు.

నాకు పంతం వచ్చింది. "పందెం! మగపిల్లోడు పుడితే ఈ మూల నీది. ఆడపిల్ల పుడితే మళ్లీ ఈ మూల మాట ఎత్తకూడదు."

"సరే," అంది. రోజమ్మ అంత తొందరగా సరే అన్నప్పుడే నేను భయపడాల్సింది.

ఏడో నెలలో జూలీకి తోడుగా ఆస్పత్రికి వెళ్లాను. అక్కడి నర్సు రేబెకా మా చర్చి పిల్లే. లోపల ఎవరున్నారని మెల్లగా అడిగాను. ఆమె వేలితో గోడ మీది బోర్డు చూపించింది. పుట్టకముందు చెప్పడం నేరమట.

"చెప్పొద్దులే అమ్మా. వాళ్లింట్లో అందరూ ఆడపిల్లలే కదా, ఆ పోలిక వస్తుందా అని."

"మావయ్యా, మీరు దర్జీ కదా, మీకు తెలిసేలా సెప్తాను. తల్లి దగ్గర ఎప్పుడూ ఒకే రకం గుడ్డ ఉంటాది. తండ్రి దగ్గర రెండు రకాలు. ఆయన ఏ ముక్క ఇస్తే ఆ బిడ్డ."

"అయితే జూలీకి ఐదుగురు అక్కచెల్లెళ్లు ఉన్నారంటే..."

"అది వాళ్ల నాన్న ఇచ్చిన ముక్కల లెక్క. ఇక్కడ ఇవ్వాల్సింది మీ శామ్సన్."

శామ్సన్! మగవాళ్ల కార్ఖానాలో తయారైన సరుకు! ఎదుటి ఇంట్లో ఆడపిల్లల్ని లెక్కపెట్టి సంబంధం కలుపుకున్నాను, కత్తెర మా ఇంట్లోనే ఉందని తెలియక.

"అయితే మాకు మగ ముక్కలే పడతాయేటమ్మా?"

"అలాగని కాదు మావయ్యా. ఒక్కో ఇంట్లో అలా వరసగా పడతాయి, అంతే. ప్రతిసారీ బొమ్మా బొరుసే. ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు."

ఆ మాట వింటేనే ఒళ్లు మండింది.

అయినా చెయ్యి ఆగలేదు. భయం పెరిగేకొద్దీ గౌన్లు పెరిగాయి. పన్నెండు కుట్టాను. నొప్పులు వచ్చిన రోజు సంచిలో సర్దబోతే పదకొండే తేలాయి. లెక్కలు రానివాణ్ణి కదా, తప్పు లెక్కపెట్టుకున్నాననుకున్నాను.

వాటి మీద రోజమ్మ ఇచ్చిన పాత చీర కప్పి, ఆ సంచితో ఆస్పత్రి మెట్ల కింద కూర్చున్నాను. నాతో శామ్సన్, ఆనందరావు. పై అంతస్తులో, కాన్పు గది గుమ్మం దగ్గర రోజమ్మ.

మా పక్కనున్న బెంగాలీ అబ్బాయికి అప్పుడే కూతురు పుట్టింది. "మేయే, దాదా! మేయే!" అని కళ్లు తుడుచుకుంటూ నా చేతిలో సందేశ్ పెట్టాడు. ఆ మిఠాయి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఇంతలో పైనుంచి రోజమ్మ కేక.

"ఖోకా! ఖోకా!"

ఈ ఊళ్లోనే పుట్టినవాణ్ణి. ఖోకా అంటే మగబిడ్డ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆనందరావు వైపు చూశాను. "ఏటండీ మీ గ్యారంటీ?"

"మా వైపు సరుకు గ్యారంటీయే బావగారూ," అన్నాడు చెప్పులు వెతుక్కుంటూ. "మీ వైపే ఏదో తేడా."

నేను లేచి నిలబడి అరిచాను. "ఒప్పుకున్నాను రోజమ్మా! మూల నీదే! ఇవాళే మిషను తీసేస్తాను!"

పైన గాజులు గలగలమన్నాయి. తర్వాత, "అందరూ ఇన్నారా?" అని వినిపించింది.

"విన్నామమ్మా," అన్నాడు నా కొడుకు.

సంచిలోంచి పదకొండు గౌన్లూ తీసి ఆ బెంగాలీ అబ్బాయి ఒళ్లో పెట్టాను. కొత్తవే, మీ పాపకి అన్నాను. అతను వంగి నా కాళ్లు ముట్టుకున్నాడు. నేను గోడవైపు తిరిగాను. కళ్లలో ఏదో పడింది.

రేబెకా గబగబా మెట్లు దిగి వచ్చింది. "మావయ్యా, ఆ పాత చీర ఇటివ్వండి. మనవరాలికి చుట్టాలి."

"మనవ... రాలా?"

పైకి ఎలా ఎక్కానో తెలియదు. రోజమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "కోక తెమ్మంటే మూల ఇస్తానంటావేటి?"

"నువ్వు ఖోకా అన్నావు!"

"కోక అన్నాను. బిడ్డకి మొదట నాయనమ్మ పాత కోకే సుట్టాల. నీకు తెలుగు కూడా మరుపొచ్చీసిందేటి?"

పాప చీర మడతల్లోంచి చెయ్యి బయటికి తీసింది. కత్తెర పట్టి కాయలు కాసిన నా బొటనవేలు పట్టుకుంది. ముప్పైరెండేళ్లుగా బుట్టచేతులు కత్తిరిస్తున్నాను. వాటిలో దూరే చెయ్యి ఇంత చిన్నదని నాకు తెలియదు.

వేలు అలాగే ఉంచి రోజమ్మని అడిగాను. "అయితే మూల నాదే కదా?"

"పందెం నువ్వే గెలిసినావు. మూల కూడా నువ్వే ఇచ్చీసినావు. అందరూ ఇన్నారు."

"నేను సాక్షిని బావగారూ," అన్నాడు ఆనందరావు. "గ్యారంటీ!"

జన్మలో అతని గ్యారంటీ పనిచేసింది ఆ ఒక్కసారే.

పాపను ఇంటికి తెచ్చిన రోజు ఒంటి మీదికి ఒక్క గౌను లేదు. రోజమ్మ తన ట్రంకు పెట్టె తెరిచింది. అడుగునుంచి గులాబీరంగు గౌను తీసింది. నేను కుట్టిన మొదటిది. అంటే లెక్క తప్పింది నేను కాదు.

ఇంకో సంగతి కూడా తర్వాతే తట్టింది. పెళ్లయిన నాటి నుంచీ రోజమ్మ నోట చీర అనే మాటే విన్నాను. ఆ ఒక్కరోజే కోక అంది. అడిగితే, "మా అమ్మ అలగే అనీది," అని ఉయ్యాల వైపు తిరిగింది. భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి.

ఇప్పుడు నా మిషను వంటగది గుమ్మం పక్కన ఉంది. పోపు పెట్టినప్పుడల్లా తుమ్ముతూ పదమూడో గౌను కుడుతున్నాను. నేను పోగొట్టుకున్నది కిటికీ పక్క నేల. పొడవు ఆరడుగుల మూడంగుళాలు, వెడల్పు నాలుగడుగులు. టేపు పెట్టి నేనే కొలిచి ఇచ్చాను.