శూన్యకలశ సంగ్రామం

వినుడు సుజనులారా. పందొమ్మిదివందల తొంబదిమూడవ వత్సరమున, ప్రచండ వైశాఖమున, ఇనుపరథముల ఘీంకారములతో అహర్నిశము దద్దరిల్లు బిలాస్‌పూర్ పట్టణమున, కుదుదండ్ కళాశాల ప్రయోగశాలలో, భౌతికశాస్త్ర విశారద, రైల్వే క్వార్టర్ల కులదీపిక కనకమహాలక్ష్మి గాలిపై కడపటి యుద్ధము ప్రకటించెను.

ఆమె అక్షౌహిణి కందిబద్దంత సిలికాన్ పలకపై నిలిచియుండెను: కంటికానని వేయి సూదిమొనలు. ఫీల్డ్ ఎమిటర్ అర్రే అని దాని బిరుదము. పాత రేడియో వాల్వులవలె కాగనక్కరలేక, చల్లగనే ఎలక్ట్రాన్లను చిమ్మి, అతివేగ తరంగముల నాడింపగల శూరులవి. కాని శూన్యమున తప్ప పోరవు. గాలియుండగా కరెంటు తగిలినచో మాడిపోవును. అట్లు రెండు పలకలు వీరస్వర్గ మలంకరించెను. మిగిలినది ఒక్కటి. మూడేండ్ల తపస్సుకు గడువు నాటి సాయంకాలమే. మరునాడు గాలిని పీల్చివేయు అరువు పంపు తిరిగిపోవలెను.

ఉదయము మొదలు పంపు గర్జించుచున్నను, పలకను దాచిన ఉక్కు కలశపు పీడనమాపకమున ముల్లు మొండి ద్వారపాలకునివలె కదలక నిలిచెను. కనకమహాలక్ష్మి స్టూలుపై కూలబడెను. ఏడుపు రాలేదు, ఆకలి వేసెను.

అంతట, ముప్పదేండ్లు రైలుపెట్టెల వాక్యూమ్ బ్రేకులను బాగుచేసి రిటైరైన జనకుడు నూకరాజు అన్నపు క్యారియరుతో ప్రవేశించెను.

“ఏటమ్మా, అలాగున్నావు?”

“నాన్నా, సకల మరలను బిగించితిని, సకల ద్వారములను బంధించితిని. అయినను శత్రువు లోపలనే విహరించుచున్నాడు.”

“అచ్ఛా. లీకన్నమాట. మూతకాడ రబ్బరు రింగు సూసావేటి?”

“పొద్దున్నే తుడిచాను.”

“సూసావేటి అనడిగాను. తుడిసావేటి అన్నేదు.”

పంపు నాపిరి, మూత నెత్తిరి. నూకరాజు స్పిరిటుతో చేతులు కడిగి, కన్నులు మూసి, రింగు వెంబడి చూపుడువ్రేలు నడిపించెను. ఒకచోట వ్రేలు నిలిచెను. అచ్చట నుండి పొడవాటి వెంట్రుక నొకదానిని తీసి కిటికీ వెలుగున పట్టెను.

“నీదేనమ్మా. డ్యూటీలో మేం తలకి గుడ్డ కట్టుకునేవోళ్ళం.”

శత్రువు తన శిరస్సుననే పెరిగెనని యెరిగి, ఆ ధీర రుమాలుతో తల బిగించెను.

మూత మరల బిగించి పంపు నడుపగా, సాయంకాలము నాలుగు గంటలకు కలశమున గాలి నశించెను. ఆమె వోల్టేజిని మెల్లమెల్లగ పెంచెను. కరెంటు మీటరులో ముల్లు వణకెను; ఒక్క గీత జరిగి నిలిచెను. ఏడు సెకనులు గడచునంతలో పట్టణమంతట విద్యుత్తు పోయెను.

“ఇంతేనేటి?” అని నూకరాజు అడిగెను.

“ఇంతే నాన్నా.”

“కదిలింది. నానూ సూసాను.”

ఆమె పుస్తకమున వ్రాసి, సాక్షిగా ఆయన సంతకము తీసికొనెను.

ఇట్లు ఆంపియరులో పదిలక్షలవ వంతు, ఏడు సెకనుల పర్యంతము, బిలాస్‌పూరున అప్రతిహతముగ ప్రవహించెనని దశదిశలు ఎరుగుగాక.