మనసు గడిలో సంతకం

ఉద్యోగి శరీరం ఒక్కటే కార్యాలయానికి వస్తే అది సగం హాజరు మాత్రమేనని మా నీటి సరఫరా శాఖ ఈ ఏడాది కనుగొంది. యోగమంటే కలయిక, శరీరమూ మనసూ ఒకటి కావడం అని సర్క్యులర్ మొదటి పేరాలో రాశారు. అవి ఒకటైనట్టు రుజువేమిటని రెండో పేరాలో అడిగారు. (మూడో పేరా లేదు. రాసినాయన సెలవు మీద వెళ్ళారు.)

అందుచేత ఉదయం అరగంట ఆసనాలు, ఆ వెంటనే హాజరుపట్టీలో శరీరానికొకటి, మనసుకొకటి రెండు సంతకాలు తప్పనిసరి అయ్యాయి. పర్యవేక్షణకు ప్రశాంతతాధికారి అనే పదవి పుట్టింది. ఆ కుర్చీలోకి వచ్చినాయన అంతకుముందు మీటర్ల తనిఖీలో ఉండేవారు. మనుషుల్ని కూడా తిరుగుతున్నారా, ఆగిపోయారా అన్నట్టే చూస్తారు.

మేమందరం రెండు గడుల్లోనూ కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేశాం. మా డెస్పాచ్ గుమాస్తా మాత్రం పెట్టలేకపోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఏ కవరు ఏ రోజు వెళ్ళిందో ఆ రోజే రాసే మనిషి. వాళ్ళమ్మకి పిత్తాశయంలో రాళ్ళు, ఆసుపత్రిలో చేర్చి నాలుగు రోజులైంది. మనసు గడిలో ‘గైర్హాజరు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ప్రశాంతతాధికారి పిలిపించారు.

“మనసెక్కడికి వెళ్ళింది?”

“ఆసుపత్రికండి. మా అమ్మ దగ్గరికి.”

“ఎవర్నడిగి వెళ్ళింది?”

“నాక్కూడా చెప్పలేదండి.”

“ఎన్నింటికి తిరిగొస్తుంది?”

“సాయంత్రం డాక్టరుగారు చూడ్డానికొస్తారండి. ఆయనేమంటారో విని వస్తుందేమో.”

అధికారి చెడ్డవారు కాదు, నిబంధనలు చదివినవారు. మనసు బయట తిరిగిన ప్రతి రోజుకీ సగం రోజు సెలవు తగ్గించారు. గుమాస్తా నిజం రాస్తూ పోయాడు, సెలవు కరుగుతూ పోయింది. చివరికి ఆపరేషను రోజుకి ఒంటికి కూడా సెలవు కావాలని దరఖాస్తు పెడితే, మిగిలిన సెలవంతా మనసే వాడేసుకుందనీ, తమరి తరఫున అది ఇప్పటికే అక్కడ ఉన్నందున తమరు కూడా వెళ్ళనవసరం లేదనీ జవాబు వచ్చింది.

ఆ ఉదయం మీటింగు హాల్లో అందరితోపాటు అతనూ శవాసనం వేశాడు. మా యోగా టీచరుగారు డెబ్బై దాటినావిడ. వరసల మధ్య నడుస్తూ వచ్చి అతని దగ్గర ఆగారు. ఒళ్ళు కొయ్యబారి ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. (మా శాఖలో లీకేజీ కొత్త కాదు కనుక మేమెవరం పట్టించుకోలేదు.)

“ఏం నాయనా?” అన్నారావిడ.

“పదిన్నరకి ఆపరేషనుకి తీసుకెళ్తారండి మా అమ్మని. ఊపిరి మీద ధ్యాస పెడుతున్నానండి. నిలవట్లేదు.”

“ఎందుకు నిలుస్తుంది? మనసున్న చోటికి ఒంటిని తీసుకెళ్ళు. ఇన్నాళ్ళూ నేను నేర్పుతున్నది అదే. లే.”

లేచాడు. చాప కూడా చుట్టకుండా, ఒక చెప్పు తనదీ ఒకటి అకౌంటెంటుదీ వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆపరేషను గది తలుపు దగ్గర తల్లి చెయ్యి అందింది.

“ఆఫీసు ఎగ్గొట్టావా?” అందావిడ స్ట్రెచరు మీంచే.

“లేదమ్మా. యోగా క్లాసు. వాళ్ళే ఇటు పంపారు.”

“ఆ చెప్పులేంట్రా?”

“అదీ యోగానేనమ్మా.”

ఆవిడ నవ్వుతూనే లోపలికి వెళ్ళింది. రాళ్ళు పదకొండు బయటికొచ్చాయి. సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఆవిడ ఊపిరి చూస్తుంటే, తన ఊపిరి కూడా దానితోపాటే నెమ్మదించింది. మెడ పట్టు వదిలింది. అమ్మని ఆసుపత్రిలో చేర్చాక మొదటిసారి ఆకలేసింది. నర్సమ్మ ఇచ్చిన బిస్కెట్లు తిని గోడకి తల ఆనించి కునుకు తీశాడు. సర్క్యులర్‌లో చెప్పిన లాభాలన్నీ ఒక్క పూటలో సిద్ధించాయి.

మర్నాడు మెమో అందింది. “ముందస్తు అనుమతి లేకుండా, కార్యాలయ ఆవరణ వెలుపల, మీ శరీరమూ మనసూ ఒకేచోట కలుసుకున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఇది మళ్ళీ జరగదని మూడు రోజుల్లోగా హామీపత్రం ఇవ్వవలెను.”