సరంగు యిర్మియా పచ్చ కళ్లు

మంగళవారం ఉదయం యిర్మియా వేసుకున్న పథకం చాలా చిన్నది. ల్యాబుకు వెళ్లాలి, రక్తం ఇవ్వాలి, బజార్లో పూరీలు తినాలి, గరాచర్మలోని ఇంటికి తిరిగొచ్చి కొత్త యూనిఫాం ఇస్త్రీ చేసుకోవాలి. శనివారం సాయంత్రం నికోబార్ వైపు బయలుదేరే ఓడకు అతనే సరంగు. అంటే డెక్కు మీది ఖలాసీలందరికీ పెద్ద. ఏళ్ల తరబడి తాళ్లు లాగి, తుప్పు గీకి సంపాదించుకున్న పదవి. ఇక మెడికల్ ఫిట్‌నెస్ ఒక్కటే మిగిలింది. అది శనివారం మధ్యాహ్నంలోగా ఆఫీసుకు చేరకపోతే ఆ పదవి వరసలో తర్వాతున్న కన్నబాబుది. కన్నబాబు బ్యాగు సర్దుకుని కూర్చున్నాడని జెట్టీలో అందరికీ తెలుసు.

పది గంటలు ఖాళీ కడుపుతో ఉండి రమ్మన్నారు ల్యాబువాళ్లు. ఎలాగూ కడుపు మాడ్చుకోవాలి కదా, అదేదో దేవుడి ఖాతాలో వేసుకుంటే పోలా అనుకున్నాడు యిర్మియా. ముందురోజు పొద్దున్న కాఫీ తాగిన తర్వాత ఇంకేమీ ముట్టలేదు. అయితే ఉపవాసం చేస్తున్నట్టు చాటుకోకూడదు. మొహం శుభ్రంగా కడుక్కుని, తలకు నూనె రాసుకుని, పెళ్లికి వెళ్తున్నవాడిలా తిరగాలి. బైబిల్లో అలాగే ఉంది, తాతల నాటి నుంచి వాళ్లింట్లో అదే పద్ధతి.

"ఖాలీ పేట్ కదా భయ్యా?" అన్నాడు ల్యాబులో నాగబాబు, సూది గుచ్చుతూ.

"హా భాయ్. రాత్రి తిన్లేదు."

అబద్ధం కాదు. అంతకుముందు పూట సంగతి నాగబాబు అడగలేదు, ఇతను చెప్పలేదు.

మధ్యాహ్నం డాక్టర్ పద్మిని రిపోర్టు చూసి కళ్లజోడు సవరించుకుంది.

"బిలిరుబిన్ ఎక్కువుందండీ. కామెర్లలో పెరిగేది ఇదే. మిగతా లివర్ పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఇదొక్కటే తేడాగా ఉంది. రోజూ మందు ఎంత?"

"చుక్క ముట్టనమ్మా! చర్చిలో పెద్దని."

"ఓడల మీద పనిచేసేవాళ్లలో తాగుతానని చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. తిండి సరిగా తింటున్నారా?"

యిర్మియా నూనె తలను ఒకసారి తడుముకున్నాడు. "ఆ... మామూలేనమ్మా."

"సరే. గురువారం మళ్లీ చూద్దాం. తగ్గితే సంతకం పెడతాను. పెరిగితే మాత్రం అన్‌ఫిట్."

ఇంటికొచ్చేసరికి భార్య సారా గుమ్మంలోనే ఉంది. విషయం విన్న వెంటనే ఆస్టినాబాద్‌లోని ఫ్రెడ్డీ పాస్టరుగారికి ఫోన్ కొట్టింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉపవాస ప్రార్థన పెడదామమ్మా. సంఘమంతా కూర్చుంటాం." మిగతావాళ్లు సాయంత్రం కొబ్బరినీళ్లు తాగొచ్చని కూడా ఆయనే అన్నారు. కానీ లివర్ తనది కాబట్టి యిర్మియా మంచినీళ్లతోనే సరిపెట్టుకున్నాడు. నేల ఉసిరి పసరు నూరి తెచ్చింది సారా.

"ఉపవాసంలో పసరేంటే?"

"కామెర్లకి ఇస్తారండీ!"

"ప్రార్థన కూడా కామెర్లకేగా. రెండూ కలిపితే దేవుడు ఏమనుకుంటాడు?"

గురువారం ఉదయం అద్దంలో చూసుకుంటే కళ్లు పచ్చగా ఉన్నాయి. కాళ్లలో సత్తువ లేదు. అయినా నూనె రాసుకున్నాడు, నవ్వు మొహం పెట్టుకున్నాడు, రక్తం ఇచ్చాడు. రిపోర్టు వచ్చింది. మొన్నటికన్నా బాగా పెరిగింది.

పద్మిని గొంతు మారిపోయింది. "రెండ్రోజుల్లో ఇంతా? రాత్రి ఏం తాగారు?"

"మంచినీళ్లమ్మా."

"వాటితోపాటు?"

"ఇంకొన్ని మంచినీళ్లు."

"నాతో పరాచికాలొద్దు. నడిసముద్రంలో మీరు పడిపోతే రేపు నన్ను అడుగుతారు. గాల్ బ్లాడర్‌లో రాయేమో చూడాలి. రేపు పొద్దున్న స్కానింగ్‌కి రండి. మళ్లీ ఖాళీ కడుపుతో రావాలి, కుదురుతుందా?"

ఈ వారంలో అతనికి బాగా కుదిరిన పని అదొక్కటే.

ఆ సాయంత్రం ఫ్రెడ్డీ పాస్టరుగారు పరామర్శకు వచ్చి పక్కనే కూర్చున్నారు. ఓదార్పుగా భుజం మీద చెయ్యి వేసి దగ్గరకు వంగారు. వంగిన మనిషి అక్కడే ఆగిపోయారు. యిర్మియా ఊపిరిలో బాగా మగ్గిన పండు వాసన! పులిసీ పులియని తియ్యటి వాసన. లివర్ పాడైన మనిషి, ఓడ ఉద్యోగం, నోట్లో ఈ వాసన. ఆయన మనసులో లెక్క కుదిరిపోయింది.

"యిర్మియా, నా కళ్లలోకి చూసి నిజం చెప్పు."

"చూస్తే భయపడతారండీ, పచ్చగా ఉన్నాయి."

"శోధన ఎవరికైనా వస్తుంది, మనసు లాగుతుంది. దాచుకోకు."

"నేనేం దాచానండీ?" అన్నాడు యిర్మియా అయోమయంగా.

పాస్టరుగారు నిట్టూర్చి లేచారు. "ప్రార్థన శనివారం సాయంత్రం దాకా పొడిగిద్దాం. నువ్వు మాటివ్వు, అప్పటిదాకా నీళ్లు తప్ప ఇంకేదీ..." ఆ 'ఇంకేదీ'ని గట్టిగా నొక్కి పలికారు. యిర్మియా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

ఆయన మెట్లు దిగారో లేదో, సారా అనుమానంగా ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. బీరువా వెనక, స్కూటర్ డిక్కీలో, నీళ్ల డ్రమ్ము కింద ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి నూనె సీసా మూత తీసి వాసన చూసింది. కొబ్బరినూనే.

శుక్రవారం స్కానింగ్ అయింది. రాయి లేదు, వాపు లేదు. లివర్ నిక్షేపంగా ఉంది. పద్మిని నుదురు రుద్దుకుంది.

"కారణం దొరక్కుండా నేను సంతకం పెట్టలేనండీ. సారీ. అన్‌ఫిట్ అని రాస్తున్నాను."

పెన్ను మూత తీసింది. యిర్మియా గోడ పట్టుకున్నాడు. కళ్ల ముందు కన్నబాబు కొత్త యూనిఫాంలో ఓడ మెట్లెక్కుతున్నాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు.

"రాయకండి డాక్టరమ్మా!" సారా బల్ల మీదికి వంగిపోయింది. "ఏం తాగాడు, ఏం తాగాడు అని అందరూ అడిగేవాళ్లే. ఏం తిన్నాడని ఒక్కరూ అడగరేం? మంగళవారం పూరీలు తిన్నాక ఈ మనిషి మెతుకు ముట్టలేదు!"

పెన్ను ఆగింది.

"మామూలుగానే తింటున్నానన్నారే?"

"ఉపవాసం సంగతి చెప్పుకోకూడదమ్మా..." గొణిగాడు యిర్మియా.

పద్మిని రెండు రక్త పరీక్షలూ పక్కపక్కన పెట్టి చూసింది. ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

"కొందరికి పుట్టుకతోనే లివర్ ఈ బిలిరుబిన్‌ని కాస్త నిదానంగా వదిలిస్తుంది. జబ్బేం కాదు. కడుపు మాడ్చుకుంటే పెరుగుతుంది, తింటే దిగిపోతుంది. మీ కామెర్లకి మీరు చేసిన వైద్యమే కారణం! ఇప్పుడే వెళ్లి తినండి. రాత్రికీ తినండి. రేపు పొద్దున్నే రక్తం ఇవ్వండి."

"రేపు సాయంత్రం వరకూ మాటిచ్చానమ్మా."

"సాయంత్రానికి ఓడ కన్నబాబుది అవుద్ది!" అరిచింది సారా.

పాస్టరుగారి ఫోన్ ప్రార్థన కోసం ఆపేసి ఉంది. సారా స్కూటర్ తీసింది. వెనక కూర్చున్న యిర్మియా ప్రతి మలుపులోనూ ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు. ఆస్టినాబాద్ చేరేసరికి ప్రార్థన మందిరం నిండా జనం, పీక్కుపోయిన మొహాలతో అతని లివర్ కోసం మోకాళ్ల మీద ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లాడు. ఇంతమంది తన కోసం మాడుతుంటే అన్నం అడగడానికి నోరు రాలేదు. అయినా అడగాలి.

"పాస్టరుగారూ... నాకు జబ్బేం లేదంట. ఆకలంట."

మోకాళ్ల మీద ఉన్నవాళ్లంతా తలలెత్తారు.

"మరి ఆ వాసన?" పాస్టరుగారు గొంతు తగ్గించి అడిగారు.

"డాక్టరమ్మని దారిలో ఫోన్ చేసి అడిగానండీ," అంది సారా. "తిండి లేకపోతే ఒళ్లు కొవ్వు కరిగించుకుంటదంట, అప్పుడు ఊపిరి అలాగే వస్తదంట. కావాలంటే మీ పక్కవాళ్లని ఊదమనండి."

పాస్టరుగారు పక్కనున్న పెద్దాయన వైపు వంగారు, వాసన చూశారు, తల వంచుకున్నారు. చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు.

"ప్రార్థనకి జవాబొచ్చింది," అన్నారు చివరికి. "పొయ్యి వెలిగించండి. అందరికీ వండండి."

ఆ మందిరంలో అంత గట్టి ఆమెన్ అంతకుముందెప్పుడూ వినపడలేదు.

శనివారం ఉదయం రిపోర్టు మామూలుకు దిగింది. పద్మిని సంతకం పెట్టి, వేళకు భోజనం తప్పనిసరి అని హెచ్చరించింది. మధ్యాహ్నం లోపే కాగితం ఆఫీసులో పడింది. కన్నబాబు బ్యాగులోంచి చొక్కాలు తీసి మళ్లీ దండెం మీద వేసుకున్నాడు.

సాయంత్రం ఓడ హార్బర్ దాటింది. కొత్త యూనిఫాంలో సరంగు యిర్మియా డెక్కంతా ఒకసారి చూసుకుని, డాక్టరమ్మ మాట ప్రకారం వేళకు భోజనానికి వంటగది వైపు నడిచాడు. తలుపుకు తాళం వేసి ఉంది.

ఓడ వంటవాడు మెడికల్‌లో అన్‌ఫిట్ అయ్యాడు.